చెట్టు కింద ఏం నాటాలి? ముందు నీళ్లు మోసేదెవరో చూద్దాం



ఈమధ్య మన చుట్టుపక్కల ఊళ్లలో ఏ మందిరం ఆవరణలోకి వెళ్లినా ఒక మార్పు కనిపిస్తోంది. ప్రహరీ కట్టారు, గేటు పెట్టారు, గోడలకు రంగులు వేశారు. సంతోషమే. ఆ తర్వాత వచ్చే మాట మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. "అయ్యగారూ, చెట్టు కింద కూడా టైల్స్ వేయించేద్దాం, శుభ్రంగా ఉంటుంది." మన సంఘంలోనూ ఆ మాట వచ్చింది. యవ్వనస్థులు దానికి ఒప్పుకోక, "టైల్స్ ఎందుకండీ, గులాబీలు, బంతిపూలు పెడదాం" అన్నారు. వాళ్ల ఉత్సాహం మాకు నచ్చింది. అయినా మేము టైల్స్‌కూ ఒప్పుకోలేదు, గులాబీలకూ ఒప్పుకోలేదు. వానలు పడేలోపు కమిటీలో ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆదివారం ప్రకటనల మధ్య మూడు నిమిషాల్లో తేలే సంగతి కాదు కనుక మా అభిప్రాయం ఇక్కడ వివరంగా రాస్తున్నాము. మీ ఇంటి ముందు చెట్టు ఉన్నవారికీ పనికొస్తుంది.

ముందు టైల్స్ సంగతి. వేపచెట్టు వేర్లన్నీ పాతాళంలోకి దిగి ఉంటాయని చాలామంది అనుకుంటారు. చెట్టుకు నీళ్లూ తిండీ అందించే సన్నని పీచు వేర్లలో ఎక్కువ భాగం పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల అంచు వరకు, చాలాసార్లు అది దాటి కూడా పాకుతాయి. వాటికి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి దిమ్మిస చేసి, కంకర పోసి, పైన సిమెంటు పరిస్తే వాన నీరు కాలువలోకి పోతుంది, మట్టిలోకి గాలి ఆడదు. చెట్టు ఆ రోజే చచ్చిపోదు. అందుకే మనకు తప్పు కనిపించదు. కొన్నేళ్లకు పైకొమ్మల చివర్లు ఎండుతాయి, ఆ తర్వాత ఒక గాలివానకు పెద్ద కొమ్మ విరిగి పడుతుంది. అప్పుడు "ముసలి చెట్టు, ప్రమాదం, కొట్టించేద్దాం" అంటాము. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ నగరంలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. రాజధానిలో పోసిన సిమెంటును పగలగొట్టిస్తుంటే మనం ఊళ్లో కొత్తగా పోసుకుంటామా?

టైల్స్ అడిగేవారి కష్టం మాకు తెలియక కాదు. మాది నల్లరేగడి నేల. వాన పడితే చెప్పుకు రెండు కేజీల మట్టి అంటుకుంటుంది. కుర్చీ వేస్తే కాలు దిగబడుతుంది. ప్రేమవిందు రోజున విస్తళ్లు ఎక్కడ వేయాలన్నది నిజమైన సమస్యే. దానికి సిమెంటు అక్కర్లేదు. పల్నాడు వైపు ఉండి నాపరాళ్లకు కరువా? మొదలుకు నాలుగైదు అడుగులు వదిలి, కూర్చునే చోట మాత్రం ఇసుక పరిచి దాని మీద నాపరాళ్లు పేర్చుకోవచ్చు. రాయికీ రాయికీ మధ్య రెండు వేళ్ల సందు వదలాలి, ఆ సందుల్లో సిమెంటు పూయకూడదు. నీరు ఇంకుతుంది, కాలికి బురద అంటదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు రాయి లేపుకోవచ్చు. మిగిలిన జాగా మొక్కలది.

ఇక ఏ మొక్కలు? ఇక్కడే మా అసలు మాట.

మొక్కలు నాటే రోజున ఫోటోలు దిగడానికి అందరూ ఉంటారు. మే నెల రెండో వారంలో, బోరు సన్నగిల్లినప్పుడు, బిందె పట్టుకుని వచ్చేది ఎవరు? ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు తల్లులే. మన సంఘంలో ఎవరో మీకు తెలుసు, పేరు రాస్తే వారికి ఇష్టం ఉండదు. ఒక చిన్న లెక్క చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు మడి. దానికి ఒక్క అంగుళం నీరు పట్టాలంటే సుమారు 230 లీటర్లు కావాలి. పదిహేను లీటర్ల బిందెతో పదిహేను సార్లు మోయాలి. అది ఒక్క తడికే. గులాబీలు, బంతులు ఉన్న మడికి వేసవిలో వారానికి అలాంటి తడులు రెండు మూడు కావాలి. పైగా ఆ నీటిలో మొదటి వాటా చెట్టు వేర్లు తాగేస్తాయి, మిగిలితేనే మొక్కకు. అంటే అరవై ఏళ్ల తల్లి చేత వారానికి ముప్పై, నలభై బిందెలు మోయించి, నీడలో ఎటూ పూయని గులాబీని బతికించడం. దీన్ని మేము అలంకారం అనలేము. తక్కువ శ్రమతో బతికే మొక్క కావాలంటున్నది బద్ధకం కొద్దీ కాదు. మొక్క అడిగే ప్రతి చుక్కనూ ఎవరో ఒకరు నడుము మీద మోస్తున్నారు కాబట్టి.

గులాబీ, బంతి, చామంతి, మందారం ఎండను తిని పూసేవి. రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే అవి సాగి, సన్నబడి, వెలుతురు వైపు మెడ చాచుకుని నిలబడతాయి, పూలు రావు. అందులో వాటి తప్పేమీ లేదు. మనం పెట్టిన చోటు తప్పు.

అందుచేత నర్సరీకి వెళ్లేముందు ఒక రోజు చెట్టు కింద గడపండి. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం మూడుకు ఎండ ఎక్కడ పడుతోందో సుద్దతోనో పుల్లతోనో గీత గీయండి. రోజంతా కలిపి రెండు గంటల ఎండ కూడా పడని చోటు నిండు నీడ. మూడు, నాలుగు గంటలు పడితే సగం నీడ. మంచి వాన పడ్డాక మొదలు దగ్గర మట్టిలో వేలు గుచ్చి చూడండి. చాలాసార్లు కింద పొడిగానే ఉంటుంది. ఆకుల గొడుగు చాలా వానను పైనే పట్టుకుంటుంది, కొంత కొమ్మల అంచు వెంట కారిపోతుంది. చెట్టు కింద మొక్కకు ఉన్నవి రెండు కష్టాలు, నీడ ఒకటి, దాహం రెండోది. నీడను ఓర్చుకునే మొక్కలన్నీ దాహాన్ని ఓర్చుకోవు. ఫెర్న్‌లు, కోలియస్ వంటివి నీడలో అందంగా ఉంటాయి కానీ రోజూ తడి అడుగుతాయి. అవి ఇంటి వెనక, కొళాయి పక్కన ఉండవలసినవి.

అన్ని చెట్ల నీడా ఒకటి కాదని కూడా గుర్తుంచుకోండి. మామిడి నీడ ఏడాది పొడవునా చిక్కగా ఉంటుంది. చింత కింద గడ్డి కూడా పలచగానే మొలుస్తుంది, అక్కడ పాట్లు పడకుండా బల్ల వేసుకోవడం మేలు. నిద్రగన్నేరు ఆకులు సాయంత్రం ముడుచుకుంటాయి, మబ్బు పట్టినా ముడుచుకుంటాయి, కనుక దాని కింద వాన బాగానే దిగుతుంది. వేప ఈ అన్నిటికంటే దయగలది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి, ఉగాదికి చిగురు, పూత తొడుగుతుంది. ఆ కొన్ని వారాలు కింద మొక్కలకు ఎండ దొరుకుతుంది. రాలిన ఆకు సరిగ్గా వేసవి ముందు నేల మీద దుప్పటిలా పడుతుంది. ఆ దుప్పటినే మనం పొద్దున్నే ఊడ్చి, కుప్పచేసి, అగ్గిపెడుతున్నాము! కూర్చునే రాళ్ల మీద ఊడ్చండి, కాదనము. మడుల్లో పడిన ఆకును దయచేసి వదిలేయండి. మూడు అంగుళాల ఎండుటాకు మట్టిని ఎండ నుంచి కాపాడుతుంది, తడి ఆరనివ్వదు, కలుపును అణుస్తుంది, చివరికి తానే ఎరువవుతుంది. మోసే బిందెల్లో కొన్ని అక్కడే మిగులుతాయి.

ఇప్పుడు నాటేవాటి పేర్లు. మొదలు నుంచి మూడడుగుల వరకు ఏమీ వద్దు. అక్కడ లావు వేర్లుంటాయి, గునపం దింపితే చెట్టుకు గాయం. కొందరు "వేర్లు అడ్డం వస్తున్నాయి, మట్టి పోసి ఎత్తు చేద్దాం" అంటారు. మొదలు చుట్టూ అరుగు కట్టి అడుగు మట్టి పోస్తే ఆ తడికి బెరడు కుళ్లుతుంది, కింది వేర్లకు ఊపిరాడదు. అది సిమెంటుకు తమ్ముడే.

ఆ మూడడుగులు దాటాక నిండు నీడలో చాగ పెట్టండి. పెద్దవాళ్లు దాన్ని గుర్తుపడతారు, పూర్వం దాని నారతో తాళ్లు పేనేవారు. దానికి చుట్టమే నర్సరీలో స్నేక్ ప్లాంట్ అని అమ్మేది, ఆకు అంచుకు పసుపు గీత ఉంటుంది. ఈ రెండూ నీళ్లు మరిచిపోయినా అలిగే రకం కాదు. అతిగా పోస్తేనే కుళ్లుతాయి. పిలకలు విడదీసి నాటుకుంటే ఒక మొక్క రెండేళ్లలో పది అవుతుంది. దాని ముందు వరసకు రియో బాగుంటుంది, ఆకు పైన పచ్చగా, కింద ఊదా రంగులో ఉండే పొట్టి మొక్క. నీడలో రంగు కొంచెం తగ్గినా నేలను చక్కగా కప్పుతుంది. వంగపండు రంగు ఆకు ఇంత సులువుగా వస్తుంటే పూలకోసం అంత బాధపడటం ఎందుకని మాకనిపిస్తుంది. స్పైడర్ లిల్లీ కూడా ఈ వరసలోదే. దుంప మొక్క కనుక కరువుకు తట్టుకుంటుంది, కాస్త వెలుతురు తగిలితే వానాకాలంలో తెల్లని పూలు ఇస్తుంది. దాని దుంప మాత్రం తినేది కాదు, తింటే వాంతులవుతాయి. ఉల్లిగడ్డలా కనిపిస్తుంది కాబట్టి పిల్లలకు చెప్పి ఉంచాలి.

కొమ్మల అంచున, సగం నీడ పడే చోట, పూలు పెట్టుకుందాం. కనకాంబరం కంటే మనకు దగ్గరిది ఏముంది? మన తల్లులు జడలో పెట్టుకునే పువ్వు, సగం నీడలో హాయిగా పూస్తుంది, నిలువెండ కంటే చెట్టు చాటునే ఆకు నిగనిగలాడుతుంది. వేసవిలో వారానికి ఒకటి రెండు తడులు అడుగుతుంది, ఆ మాట ముందే చెబుతున్నాము. అందుకే పది మొక్కలు చాలు, యాభై వద్దు. దాని వెనక డిసెంబరాలు. పేరులోనే ఉంది, క్రిస్మస్ నాటికి ఊదా, తెలుపు పూలతో నిండుతాయి, నక్షత్రం కట్టే తాడు కిందనే అవి పూస్తే అంతకంటే అలంకరణ ఏం కావాలి? పూత అయ్యాక కత్తిరిస్తే గుబురుగా వస్తుంది, ఆ కొమ్మ ముక్కలే మళ్లీ నాటుకోవచ్చు. నందివర్ధనం కూడా ఈ చోటికి సరిపోతుంది. పెద్ద పొద అవుతుంది కనుక మూలకు ఒకటి.

మేము ఎక్కువ ఇష్టపడేవి ఇంకొక జాతి ఉన్నాయి, వేసవిలో నేల లోపల నిద్రపోయే మొక్కలు. పసుపు కొమ్ము జూన్‌లో తొలకరికి పెడితే వానాకాలమంతా వెడల్పాటి ఆకులతో నిలబడుతుంది, జనవరి వచ్చేసరికి ఆకు పండి ఎండిపోతుంది, కొమ్ము మట్టిలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో దానికి నీళ్లు పోసే పనే లేదు! కంద కూడా అంతే. గోదావరి జిల్లాల వారిని అడగండి, కొబ్బరి చెట్ల కింద కంద, పసుపు, కోకో పండించి ఇల్లు గడుపుకునేవారు అక్కడ ఎందరో. తమలపాకు తోటల్లో అవిసె చెట్లు పెంచేది కూడా తీగకు నీడ, ఆసరా ఇవ్వడానికే. నీడ కింద ఏమీ పండదన్న మాట మన రైతులు ఏనాడూ నమ్మలేదు. ఒక్క జాగ్రత్త. పసుపైనా కందైనా తవ్వి తీయాల్సినవే కాబట్టి వీటిని చెట్టుకు దూరంగా, అంచునే పెట్టాలి. అక్కడా గునపం వాడక బొరిగెతో పైపైన తీసుకోవాలి. ఏటా తీయకపోయినా నష్టం లేదు, అవే మళ్లీ మొలుస్తాయి. దిగుబడి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, పొలంలో వచ్చినంత నీడలో రాదు.

మనీ ప్లాంట్ గురించి చాలామంది అడిగారు. నేల మీద పాకించవచ్చు, తుంచి గుచ్చితే బతుకుతుంది. కానీ చెట్టు మొదలు దొరికితే ఎక్కేస్తుంది, ఎక్కాక ఆకు విస్తరాకంత అవుతుంది. ఏటా కత్తి పట్టే మనిషి ఉంటేనే పెట్టండి, మేమైతే పెట్టము. ఆకుల మీద తెల్లని మచ్చలతో అందంగా కనిపించే డంబ్ కేన్ అసలే వద్దు. దాని ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి, మాట కూడా రాదు, ఆ పేరు వచ్చిందే అందుకు. మన ఆవరణలో ఆదివారం బడికి వచ్చే చిన్నపిల్లలున్నారు. గన్నేరు ఎండ మొక్క, అది కూడా విషమే, కనుక రెండు విధాలా కుదరదు.

పాముల భయం గురించి. తల్లులు ఎత్తిన ఈ అభ్యంతరం మాకు అన్నిటికంటే న్యాయంగా తోచింది. గుబురు పొదల్లో పాము ఉన్నా కనబడదు, నిజమే. దారికి, కూర్చునే రాళ్లకు రెండువైపులా మూడడుగుల మేర చీలమండ ఎత్తు దాటని రియో వంటివే ఉండాలి. చాగ, డిసెంబరాలు వెనక వరసకే. రాత్రి ప్రార్థన కూటం ఉన్న రోజుల్లో అక్కడ ఒక లైటు వెలగాలి. అసలు పాము ఎలుక కోసం వస్తుంది. ప్రేమవిందు అయ్యాక మెతుకులు, విస్తళ్లు చెట్టు వెనక పారేసే అలవాటు మానకపోతే, టైల్స్ వేసినా పాము వస్తుంది.

ఖర్చు మాట. కనకాంబరం, డిసెంబరాలు, చాగ, పసుపు మన ఇళ్లలోనే ఉన్నాయి, కొమ్మలూ పిలకలూ ఇచ్చిపుచ్చుకుంటే సరిపోతుంది. కొనవలసింది రియో, లిల్లీ దుంపలు, అంతే. కడియం వైపు వెళ్లేవారు తెచ్చినా మంచిదే. అక్కడ షేడ్ నెట్ కింద రోజూ నీళ్లు తాగి పెరిగిన మొక్కను తెచ్చిన రోజే పాతకండి. వారం రోజులు వరండాలో ఉంచి, నీళ్లు మెల్లగా తగ్గించి, ఆ తర్వాత నాటండి. పెద్ద మొక్క వద్దు, చిన్నదే తీసుకోండి. పెద్దదానికి పెద్ద గుంట కావాలి, పెద్ద గుంట అంటే ఎక్కువ వేర్లు తెగినట్టే.

నాటే పద్ధతి కూడా అదే దయతో ఉండాలి. మొత్తం మడి తవ్వకూడదు. లావు వేరు తగలని చోట జానెడు గుంట తీసి, చివికిన పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు వేసి, మొక్క పెట్టి, చుట్టూ ఎండుటాకు కప్పాలి. వేరు తగిలితే ఆ గుంట పూడ్చి పక్కకు జరగండి. రెండు మంచి వానలు పడి నేల మెత్తబడ్డాక, జూన్ చివర్లోనో జూలైలోనో మొదలుపెడితే వేసవి వచ్చేసరికి వేరు దిగి ఉంటుంది. మొదటి ఏడు మాత్రం నీళ్లు పోయక తప్పదు. ఎంత ఓర్పుగల మొక్కైనా వేరూనే వరకు పసిబిడ్డే. ఆ ఏడాదికి ఇంటికొక వారం చొప్పున వంతులు వేద్దామని మా ప్రతిపాదన. అందులో మగవారి పేర్లు కూడా ఉండాలి. బిందె మగవాడి భుజానికి బరువేమీ కాదు.

మేకలు రాకుండా గేటు మూయడం అనే పని కూడా ఆ వంతులోదే. చెట్టుకు మేకులు కొట్టి బ్యానర్లు కట్టడం కూడా ఈ పండుగ నుంచి ఆపాలని మా విన్నపం. తాడుతో కట్టుకుందాం.

కమిటీ కూటానికి వచ్చేవారు టైల్స్ ధరల కాగితం తెస్తామన్నారు, తప్పక తీసుకురండి. నాపరాళ్ల ధర మేము కనుక్కుని వస్తాము. చాగ పిలకలు, పసుపు కొమ్ములు ఎవరి ఇంట్లో మిగులు ఉన్నాయో వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పండి, రాసుకుంటాము.